రెక్క రెక్కకూ దాత పేరు

ఆ బుధవారం సాంత్వన సదనంలో ఉన్నవారి వివరాలు ఇవి. ఇన్‌చార్జి సుభాషిణి మేడమ్, పట్టుచీరలో. గుమాస్తా తిరుమల, చేతిలో కాగితాల కట్టతో. వంటమనిషి మొగిలమ్మ, రెండు వందల మందికి సరిపడా ఉప్మా గుండిగ ముందు. పేర్లు రాసే సాంబయ్య, నిచ్చెన మీద. సదనం కమిటీ అధ్యక్షులు, హనుమకొండ బట్టల వ్యాపారి రాజేశ్వర్ రావు గారు, అద్దం ముందు. బాధితులు ఎనిమిది మంది, ఉతికిన బట్టల్లో. ప్రధాన దాత సుదర్శన్ గారు మాత్రం ఇంకా రాలేదు. కాజీపేట బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని ఫోన్ చేశారు. ఆయన వస్తేగానీ కార్యక్రమం మొదలు కాదు. ఆయనే లేకపోతే సదనంలో ఇంతమంది ఉండేవారూ కాదు.

ఇది పొగడ్త కాదు. ఆ ఎనిమిది మందిలో ముగ్గురిని ఉద్యోగాలు ఇప్పిస్తానని రైలెక్కించి, తీసుకుపోయి అమ్మింది సుదర్శన్ గారే. ఈ సంగతి కోర్టులో రుజువైంది. జడ్జి గారు పదేళ్ళ జైలు, మూడు లక్షల జరిమానా వేశారు. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాలో పడి నిద్రపోకుండా, బాధితుల తిండికీ మందులకీ చదువుకీ వాడాలని తీర్పులోనే రాశారు. అంతవరకు అంతా సవ్యంగానే జరిగింది. సుదర్శన్ గారు తీర్పు మీద పైకోర్టుకు వెళ్ళారు. అక్కడ జైలు ఆగింది, జరిమానా ఆగలేదు. ఆయన బయటికి వచ్చారు, డబ్బు సదనానికి వచ్చింది.

డబ్బు వచ్చిన రోజే చిక్కు కూడా వచ్చింది. రసీదు ఇవ్వాలి. సదనం రసీదు పుస్తకాలు అయిదు వందలు ఒకేసారి అచ్చు వేయించినవి. వాటి మీద ‘దాత శ్రీ/శ్రీమతి ........... గారి నుండి కృతజ్ఞతలతో స్వీకరించడమైనది’ అని ఉంటుంది. నేరం చేసి డబ్బు కట్టేవారి కోసం వేరే గడి లేదు. తిరుమల మనస్సాక్షి ఉన్న గుమాస్తా. ఖాళీ గడిని ఖాళీగా వదిలేస్తే అతనికి అన్నం సహించదు. వెళ్ళి మేడమ్‌ని అడిగాడు. ఇప్పటికైతే ఉన్న గడిలోనే రాసెయ్యి, తర్వాత సరిచేద్దాం అన్నారు మేడమ్. ఆ తర్వాత అనేది ఇంకా రాలేదు.

రసీదులో దాత అయిన మనిషి మిగతా పుస్తకాల్లో దాత కాకుండా ఎలా ఉంటాడు? నిబంధనల ప్రకారం రెండు లక్షలు దాటి ఇచ్చినవారు ప్రధాన దాత. ప్రధాన దాత సొమ్ముతో కొన్న వస్తువుల మీద ఆయన పేరు ఉండాలి. మన దగ్గర బడికి బెంచీ ఇచ్చినా, బస్టాండుకు నీళ్ళ ట్యాంకు ఇచ్చినా, శ్మశానానికి రేకుల షెడ్డు వేయించినా పేరు రాయించుకోకుండా ఊరుకున్నవాళ్ళు లేరు గదా. ఆ ఆచారం సదనానికి మాత్రం ఎందుకు ఉండకూడదు? జరిమానా సొమ్ముతో పన్నెండు ఫ్యాన్లు, పది మంచాలు, నలభై స్టీలు కంచాలు వచ్చాయి. కంచాల మీద పేరు దుకాణంలోనే చెక్కించారు. ఫ్యాన్లకు సాంబయ్యను పిలిపించారు. సాంబయ్య ఒక రెక్క మీద ‘దాత’ అనీ, రెండో రెక్క మీద ‘సుదర్శన్ గారు’ అనీ, మూడో రెక్క మీద ‘కాజీపేట’ అనీ ఎర్ర రంగుతో రాశాడు. ‘గారు’ అవసరమా అని ఎవరో గొణిగితే, అక్షరానికి ఇంత అని మాట్లాడుకున్నప్పుడు మర్యాద తగ్గిస్తే తన కూలి కూడా తగ్గుతుందని సాంబయ్య చెప్పాడు. మర్యాద ఉంచారు.

ఆ ఫ్యాన్లను బిగించింది రమ్య. సుదర్శన్ గారు రైలెక్కించిన ముగ్గురిలో ఆమె ఒకతె. ధర్మసాగర్ అవతలి పల్లె, పద్దెనిమిది నిండాయి, మాట తక్కువ. సదనంలో చేరగానే ఆమెకు కూడా అందరికీ ఇచ్చినట్టే కుట్టుమిషను ఇచ్చారు. బాధితులకు కుట్టు తప్ప ఇంకో విద్య అంటదని కమిటీకి గట్టి నమ్మకం. తనకు కరెంటు పని నేర్చుకోవాలని ఉందని రమ్య అడిగితే, ఆ విషయం మీద రెండు మీటింగులు జరిగాయి. షాక్ కొడితే ఎవరిది బాధ్యత అని ఒకరు, నిచ్చెన ఎక్కడం సంప్రదాయమేనా అని ఇంకొకరు లోతుగా ఆలోచించారు. చివరికి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆమె ఐటీఐలో ఎలక్ట్రీషియన్ రెండో ఏడాది. జులైలో చివరి పరీక్ష. అది రాసేస్తే చేతిలో ఒక సర్టిఫికెట్టు, కాళ్ళ కింద కాస్త నేల. అప్పటిదాకా ఆమెకు కావలసింది ఒక్కటే, సదనంలో మంచం. ఇంటికి వెళ్ళే దారి లేదా అంటే ఉంది, బస్సు కూడా ఉంది. ఊళ్ళో మాటలు చల్లారినాక రమ్మని తండ్రి పోశయ్య చెప్పాడు. అవి చల్లారే తేదీ మాత్రం చెప్పలేదు.

ఫ్యాను తిరుగుతున్నంతసేపు రెక్కల మీది పేరు కనిపించదని మొదట కనిపెట్టింది కూడా రమ్యే. ఆ కబురు ఆ పూటే ఎనిమిది మంచాలకూ చేరింది. అది జనవరి. ఎనిమిది మందీ మెడదాకా దుప్పట్లు కప్పుకుని, పళ్ళు టకటకలాడుతుంటే, ఫ్యాన్లు అయిదు మీద పెట్టుకుని పడుకునేవారు. దాతగారి గాలిని బిడ్డలు ఎంత ఇష్టపడుతున్నారో అని మేడమ్ మురిసిపోయారు. కంచాల సంగతే కష్టం. పేరు సరిగ్గా లోపలి అడుగున, మధ్యలో చెక్కి ఉంది. అది బయటపడే ముందే అందరూ చాలు అని లేచేవారు. నెలవారీ నివేదికలో మేడమ్ ఇలా రాశారు: ‘బాధితులలో ఆకలి తగ్గి సంతృప్తి పెరుగుతున్నట్లు గమనించడమైనది.’

సరే, ఆ బుధవారం సంగతికి వద్దాం. వస్తువులను బాధితులకు లాంఛనంగా అంకితం చేసే సభ అది. పొద్దున్నే రమ్య వంటింట్లో గడప పక్కన నిలబడి ఉంది. మొగిలమ్మ ఉప్మా కలుపుతూ ఆమె మొహం చూసింది.

“ఏందే రమ్యా, గట్ల గుంజ లెక్క నిలబడ్డవ్? ఆ మిరపకాయలన్న కొయ్యరాదా?”

“కోస్తాన పెద్దమ్మా.”

“వాడు వస్తాండనేనా? వస్తే రానియ్. ముప్పై ఏండ్ల సంది మందికి వండి పెడ్తాన, ఒక్క గంటె మీద నా పేరు లేదు. వీని పేరేమో కంచం కంచానికి.”

“నువ్వు గూడ ఏదన్న నేరం చెయ్యరాదా పెద్దమ్మా?”

“చేస్త గని, జరిమానా కట్టెటందుకు పైసలేడివే బిడ్డా?”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు మధ్యలోకి తిరుమల వచ్చి రమ్య చేతిలో ఒక కాగితం పెట్టాడు. బాధితుల తరఫున వందన సమర్పణ ఆమె చేయాలట. తానే స్వయంగా రెండుసార్లు దిద్ది రాశానని చెప్పాడు. అందులో మొదటి వాక్యం ఇది: ‘నేను ఈ రోజు ఇక్కడ ఉన్నానంటే దానికి కారణం ప్రధాన దాత శ్రీ సుదర్శన్ గారే.’ తరువాత నాలుగు పంక్తుల కృతజ్ఞత, మూడు పంక్తుల దీర్ఘాయుష్షు. రమ్య చదివి, ఒక్క తప్పు కూడా పట్టుకోలేకపోయింది. మొదటి వాక్యం అక్షరాలా నిజం.

జర గట్టిగా చదవమని తిరుమల చెప్పాడు. దాతగారి వకీలు సాబ్ ఫోన్లో వీడియో తీయించుకుంటున్నారనీ, ఆ వీడియో పైకోర్టులో చూపిస్తారనీ, సదనం పేరు అంత పెద్ద కోర్టులో వినబడడం మామూలు విషయం కాదనీ గర్వంగా చెప్పి, కుర్చీలు లెక్కపెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

రమ్య కాగితం పట్టుకుని మేడమ్ గదికి వెళ్ళింది. ఆమె తనంత తానుగా ఆ గది గడప తొక్కడం రెండోసారి. మొదటిసారి కరెంటు పని అడగడానికి.

“మేడమ్, నేనిది చదవలేను మేడమ్.”

“ఎందుకు? ఐటీఐల అంతంత లావు పుస్తకాలు చదువుతానవ్. ఇది చదవలేవా? మైకంటే భయమా?”

“భయం గాదు. ఈ కాయితంల ఆయన పేరున్నది.”

“ఫ్యాను మీద లేదా? కంచం మీద లేదా? కాయితం మీదుంటే ఏమైతది?”

మేడమ్ చెడ్డ మనిషి కాదు కాబట్టి ఆమెను కుర్చీలో కూచోబెట్టి విడమరిచి చెప్పారు. రేపు పైకోర్టులో సుదర్శన్ గారు గెలిచారనుకో, జరిమానా తిరిగి ఇచ్చేయాలి. అంటే ఫ్యాన్లు పోతాయి, మంచాలు పోతాయి, నీ ఐటీఐ ఫీజూ పోతుంది. అందుకని ఆయన్ని సంతోషపెట్టాలి. సంతోషపడితే, గెలిచినా కూడా డబ్బు అడగకపోవచ్చు. మేడమ్ టేబుల్ మీద ఇంకో కాగితం చూపించారు. రమ్య మంచాన్ని జులై దాకా పొడిగించే ఉత్తర్వు. టైపు కొట్టి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. అది మీటింగ్ అయ్యాక పెడతానన్నారు.

రమ్య ఆ మాటలను మనసులో తీగలు కలిపినట్టు కలిపి చూసుకుంది. డబ్బు పోకూడదంటే ఆయన్ని సంతోషపెట్టాలి. సంతోషపెట్టాలంటే వీడియోలో పొగడాలి. పొగిడితే ఆయన కేసు గెలుస్తాడు. గెలిస్తే డబ్బు పోతుంది. ఐటీఐలో దీన్ని షార్ట్ సర్క్యూట్ అంటారు. సదనంలో దీన్ని నిధుల సమీకరణ అంటారు. కాగితం మడిచి పట్టుకుని బయటికి వచ్చింది. చదివితే ఆమె మంచం జులై దాకా ఉంటుంది, ఆ మనిషి జైలు ఎప్పటికీ రాకపోవచ్చు. చదవకపోతే ఆ రెండో కాగితం మీద సంతకం పడదు. పరీక్షకు ఇంకా ఆరు నెలలు.

సుదర్శన్ గారు పదకొండు గంటలకు వచ్చారు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, మొహంలో ఇచ్చేవాళ్ళకు ఉండే నిండుదనం. డప్పులతో తీసుకొచ్చి వేదిక మీద నడిమి కుర్చీలో కూచోబెట్టారు. బాధితుల గుర్తింపు బయటికి రాకూడదని చట్టం చెబుతోంది కాబట్టి, సదనం ఆ విషయంలో చాలా కట్టుదిట్టం. రమ్య మొహానికి కళ్ళు మాత్రమే కనబడేలా చున్నీ కట్టారు. ఆ తరువాత తిరుమల మైకులో ఆమె పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం చదివి, ఈ వివరాలు ఎవరూ బయట చెప్పవద్దని ప్రార్థించాడు. లౌడ్‌స్పీకర్లు రెండు వీధి వైపు కట్టి ఉన్నాయి. వీధి కూడా ప్రార్థన విన్నది.

అధ్యక్షులు రాజేశ్వర్ రావు గారు లేచారు. ఆయన గొప్ప వక్త. తువ్వాలు కొంటే కూడా ఉపన్యాసం కలిపి ఇస్తారని పేరు.

“సభకు నమస్కారం. ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మన సుదర్శన్ లాంటి వ్యక్తి మండలానికి ఒక్కరు చొప్పున ఉంటే చాలు, మండలానికి ఒక సదనం కట్టవలసి వచ్చేది.”

చప్పట్లు మోగాయి. అందులో కాదనగలిగిన మాట ఒక్కటీ లేదు. ఆయన ముగిస్తానన్న తరువాత ఇంకో ముప్పావుగంట మాట్లాడారు. ఓరుగల్లు గడ్డ గొప్పదనం, ఆడజాతి గొప్పదనం, తమ దుకాణంలో నడుస్తున్న తగ్గింపు ధరలు అందులో వచ్చాయి.

తరువాత సుదర్శన్ గారికి శాలువా కప్పారు. ఆయన వినయంగా మైకు పట్టుకున్నారు.

“నేను చేసింది చానా తక్కువ. అవకాశం దొరికితే ఇంకా చేస్త. ఈ బిడ్డల మొఖాలు చూస్తే నాకు పాతరోజులు యాదికొస్తానయ్.”

ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. బాధితుల వరసలో ఎవరూ తుడుచుకోలేదు. ఆ వరసలో ఎనిమిది మందీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. రమ్య పేరు పిలిచినప్పుడు ఆమె చెయ్యి విడిపించుకోవడానికి కొంత సమయం పట్టింది.

మైకు ముందు ఆమె కాగితం విప్పింది. వకీలు పంపిన మనిషి ఫోన్ ఎత్తి రెండడుగులు ముందుకు వచ్చాడు. రమ్య గొంతు మొదట మైకుకు కూడా వినబడలేదు. గట్టిగా అని తిరుమల సైగ చేశాడు.

“నేను ఈ రోజు ఇక్కడ ఉన్నానంటే దానికి కారణం ప్రధాన దాత శ్రీ సుదర్శన్ గారే,” అని చదివింది.

పెద్దగా చప్పట్లు. సుదర్శన్ గారు చేతులు జోడించారు. మేడమ్ తల ఊపారు. రమ్య చప్పట్లు ఆగేదాకా ఆగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పెట్టుకుంది.

“కారణం ఎట్లనో కాయితంల రాయలేదు. నేను చెప్తాన. రెండేండ్ల కింద శ్రావణంల, కాజీపేట టేషన్ల, రెండో నంబరు ప్లాట్‌ఫాం మీద, నాగ్‌పూర్‌ల మిల్లు పనున్నదని మమ్ముల ముగ్గుర్ని బండెక్కిచ్చిండు. టికెట్ పైసలు ఆయనే పెట్టిండు. అది గూడ దానం కింద రాసుకోవాలె. బండి దిగినంక మమ్ముల అమ్మిండు. ఎవలకు అమ్మిండో కోర్టుల చెప్పిన. తీర్పుల ఉన్నది. అందుకే జరిమానా పడ్డది. కట్టకుంటే బెయిలు రాదని కట్టిండు. అది దానం గాదు.” ఇంకా ఏదో చెప్పాలి గనక చెప్పింది. “ఫ్యాన్లు నేనే బిగించిన. మంచిగ తిరుగుతయ్.”

వచ్చి తన వరసలో కూచుంది.

సభ చప్పట్లు కొట్టింది. ఎవరైనా మాట్లాడి కూచుంటే చప్పట్లు కొట్టాలి గనక కొట్టింది. సుదర్శన్ గారు కూడా అలవాటు కొద్దీ రెండు కొట్టి, మూడోది గాలిలోనే ఆపేశారు. “సార్, ఇది గూడ తియ్యాల్నా?” అని వకీలు మనిషి గట్టిగానే అడిగాడు. బాధితురాలి హృద్యమైన స్పందనకు ధన్యవాదాలు అని తిరుమల ప్రకటించి, అందరూ ఉప్మా పొట్లాలు తీసుకుని వెళ్ళవలసిందిగా కోరాడు.

కమిటీ సామాన్ల గదిలో అత్యవసరంగా కూచుంది. బియ్యం బస్తాల మధ్య జరిగిన ఆ సమావేశం సదనం చరిత్రలోనే అతి తక్కువ సేపు జరిగినది. అధ్యక్షులు చెప్పింది ఇది. బాధితురాలు అంటే మాట పెగలనిది, మైకు చూస్తే వణికేది, ఏం జరిగిందో గుర్తు చేసుకోలేనిది. ఈ అమ్మాయి రెండు వందల మంది ముందు ఏడవకుండా నిలబడింది. నెల చెప్పింది, ఊరు చెప్పింది, ప్లాట్‌ఫాం నంబరు చెప్పింది. ఇవన్నీ సంపూర్ణంగా కోలుకున్న లక్షణాలు. కోలుకున్నవారిని ఇంకా ఇక్కడే ఉంచుకోవడం, కోలుకోనివారికి అన్యాయం చేయడం అవుతుంది. అందరూ ఒప్పుకున్నారు. ‘పునరావాసం విజయవంతంగా పూర్తి’ అని తీర్మానం రాశారు. సదనం పెట్టిన ఆరేళ్ళలో ఇది మొదటి విజయం. విజయానికి గుర్తుగా రమ్యకు ఒక పూలదండ, ఒక సర్టిఫికెట్టు ఇచ్చి, ఆ సాయంత్రం అయిదింటికల్లా వెళ్ళవచ్చునని తెలియజేశారు.

రమ్య సామాను సర్దుకోవడానికి పది నిమిషాలు పట్టింది. రెండు జతల బట్టలు, ఐటీఐ పుస్తకాలు, టెస్టరు, స్క్రూడ్రైవరు. మొగిలమ్మ ఉప్మా పొట్లాలు నాలుగు ఆమె సంచిలో కుక్కింది. ముక్కు చీదుకుని లోపలికి వెళ్ళిపోయింది. రమ్యతో పాటు రైలెక్కిన మిగతా ఇద్దరు కిటికీ దగ్గర నిలబడ్డారు. వాళ్ళు ఇంకా కోలుకోలేదు కాబట్టి కిటికీ దాటి రాకూడదు.

వాకిట్లో ఇంకా జనం ఉన్నారు. భోజనాల బంతిలో లాగా మాట్లాడుకుంటూ మెల్లగా కదులుతున్నారు. అందరూ మంచివాళ్ళే. దాదాపు ప్రతి ఒక్కరూ ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నారు. ఒక ఆవిడ ఏ ఊరు, ఎవరి బిడ్డ అని ఆప్యాయంగా అడిగి, జవాబు విని, తన పాపను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. కొత్తవాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆమెను ఆపి మరీ దీవించాడు.

“శభాష్ బిడ్డా, ఆడపిల్లంటే గట్లుండాలె. మా ఇంట్ల గూడ ఫ్యాను సప్పుడు జేస్తాంది. జర ఆదివారం వచ్చి చూడరాదా?”

“వస్త సార్,” అంది రమ్య.

ఈ రోజు బుధవారం. ఆదివారం దాకా ఆమె ఎక్కడ ఉంటుందని ఆయన అడగలేదు. అడగడం మర్యాద కాదనుకుని ఉంటాడు. ఆ రెండు వందల మందిలో మనకు తెలిసినవాళ్ళే ఎక్కువ. ఇది చదువుతున్న మీరు అక్కడ ఉండి ఉంటే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేవారు, అందులో నాకు అనుమానం లేదు.

జనం పలచబడ్డాక రమ్య సంచి భుజాన వేసుకుని మెట్ల దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. తలుపు దగ్గర సుభాషిణి మేడమ్ నిలబడి ఉన్నారు. ఆమె కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. గడియ మీద చెయ్యి కూడా ఉంది.

“మేడమ్, నేనిప్పుడు ఎక్కడికి పోవాలె?”

మేడమ్ ఆమె తల నిమిరారు.

“అది బాధితులు అడిగే మాట బిడ్డా. నువ్వు బాగైనవ్ గదా.”

లోపల ప్రధాన దాత గారు టీ తాగుతున్నారు కాబట్టి, చప్పుడు కాకుండా తలుపు వేశారు.